తల్లీబిడ్డల పనికి గ్రాంటు: అర్హత ఎక్కడ మొదలవుతుంది

ఆర్థిక సంవత్సరం ముగిసి ఏప్రిల్ మొదలయ్యేసరికి నాకు ఫోన్లు వస్తాయి. బెంగళూరులోనో, హోసూరులోనో, అనంతపురంలోనో చిన్న ట్రస్టు నడుపుకుంటున్న తెలుగువాళ్ళు, చాలామంది ముఖపరిచయం కూడా లేనివాళ్ళు, ఒకటే ప్రశ్న అడుగుతారు: “గర్భిణులకూ పసిపిల్లలకూ పనిచేస్తున్నామండీ, ఫలానా కంపెనీ గ్రాంటు ఇస్తోందట, మాకు అర్హత ఉంటుందా?” నేను వైట్‌ఫీల్డ్, కాడుగోడి, కేఆర్ పురం ప్రాంతాల్లో భవన నిర్మాణ కార్మికుల షెడ్లలో పనిచేసే ఒక చిన్న ట్రస్టులో లెక్కలూ దరఖాస్తులూ చూస్తాను. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో కదిరి, తనకల్లు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఎక్కువ. ఆ తరువాత రాయచూరు, యాదగిరి వాళ్ళు. ఫోనులో పది నిమిషాల్లో చెప్పడం కుదరని సంగతులు ఇవి కాబట్టి, ఒకసారి వివరంగా రాసి పెడుతున్నాను.

నా అనుభవంలో అర్హత అనేది దరఖాస్తు నింపే రోజున తేలే విషయం కాదు. అది ట్రస్టు డీడు, అంటే ట్రస్టు స్థాపన పత్రం, రాయించిన రోజున సగం తేలిపోతుంది, ఆడిటరు ఖర్చులకు పద్దు పేర్లు పెట్టిన రోజున మరికొంత తేలుతుంది, మిగిలినది షెడ్డులో రిజిస్టరు రాసే అమ్మాయి ఏ గడి నింపింది, ఏ గడి ఖాళీగా వదిలింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. దరఖాస్తు నాటికి మనం చేయగలిగేది, అప్పటికే ఉన్నదాన్ని చూపించడం మాత్రమే.

మాకు జరిగినదే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగం వాళ్ళు గర్భిణుల రక్తహీనత మీద పనిచేసే సంస్థల నుంచి ప్రతిపాదనలు పిలిచారు. మేము మూడు వారాలు కూర్చుని ప్రపోజల్ తయారుచేశాం. సమస్య ఏమిటో, ఏ షెడ్లలో పనిచేస్తామో, ఎంతమందికి నెలకు ఎన్నిసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తామో, ఐరన్ మాత్రలు మింగుతున్నారా లేదా ఎలా చూస్తామో అన్నీ రాశాం. అది ఒకే వాక్యంతో తిరిగి వచ్చింది: మీ ట్రస్టు డీడులోని ఆశయాల్లో ఆరోగ్యం లేదు. తీసి చూస్తే నిజమే. మా ట్రస్టు పెట్టిన పెద్దావిడ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా టైపు చేయించిన ఆ డీడులో “స్త్రీల విద్య, స్వావలంబన, సంక్షేమం” అని మాత్రమే ఉంది. సంక్షేమంలో ఆరోగ్యం రాదా అని మేము వాదించవచ్చు, కానీ వడపోత చేసే మనిషి ముందు ఉండేది ఒక పట్టిక. అందులో ఆ మాట ఉందా లేదా అన్నదే ప్రశ్న. డీడుకు సవరణ పత్రం రాయించి రిజిస్టరు చేయించడం, ఆశయాలు మారిన 30 రోజుల్లోపు ఆదాయపు పన్ను శాఖకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడం, ఇవన్నీ పూర్తయ్యేసరికి ఆ ఏడాది గ్రాంటు గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకే ఫోను చేసినవాళ్ళను నేను మొదట అడిగేది, మీ డీడులో ఆశయాల పేరా చదివి వినిపించమని. “తల్లుల, శిశువుల ఆరోగ్యం, పౌష్టికాహారం” అన్న మాటలు అందులో ఉన్నాయా? లేకపోతే ప్రపోజల్ పక్కన పెట్టి ముందు ఆ పని చూసుకోండి.

ఇక చట్టం సంగతి. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను ప్రకారం, నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, అంతకు మించి గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత పనుల మీద ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఏయే పనులు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో మొదటి అంశమే ఆకలి, పేదరికం, పౌష్టికాహార లోపాల నిర్మూలన, వ్యాధి నివారణతో సహా ఆరోగ్య రక్షణ. కాబట్టి తల్లీబిడ్డల ఆరోగ్యం అన్న విషయానికి అర్హత ఉందా అన్న సందేహమే అక్కర్లేదు. సందేహమంతా పనిచేసే సంస్థ మీదే. 2021 జనవరిలో సవరించిన నియమాల ప్రకారం, కంపెనీ డబ్బు తీసుకుని పనిచేసే ట్రస్టుకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ నమోదు (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం), 80జీ ఆమోదం (దాతలకు పన్ను రాయితీ కోసం) ఉండాలి. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం నింపి నమోదు సంఖ్య తెచ్చుకోవాలి. ఆ కంపెనీ తానే స్థాపించిన ట్రస్టు కాకపోతే ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి.

ఈ మూడేళ్ళ అనుభవం దగ్గరే చిన్న సంస్థలు ఎక్కువగా నష్టపోతున్నాయని నా అభిప్రాయం. పని చేయకపోవడం వల్ల కాదు, చేసిన పని లెక్కల్లో కనిపించకపోవడం వల్ల. మా ఆడిటరు, ఎంతో నిక్కచ్చి అయిన మనిషి, రెండేళ్ళపాటు మేము హిమోగ్లోబిన్ పరీక్షలకూ, వేరుశనగ ఉండలకూ, గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆటోలకూ పెట్టిన ఖర్చునంతా “ఇతర ధర్మకార్యాలు” అనే ఒకే పద్దు కింద వేశారు. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ మూడేళ్ళ ఆడిట్ పత్రాలు తెరిచి చూసే అధికారికి అక్కడ గర్భిణి కనిపించదు, పసిబిడ్డ కనిపించదు. ఆ మరుసటి ఏడాది నుంచి “మాతాశిశు ఆరోగ్య కార్యక్రమం” అని వేరే పద్దు పెట్టమని అడిగి పెట్టించాం. సంవత్సరం చివర అడిగితే కుదరదు. ఏప్రిల్‌లో మొదటి ఓచరు రాసేటప్పుడే ఆ పేరుతో రాయాలి.

ఖర్చుల మాట వచ్చింది కాబట్టి ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. సీఎస్ఆర్ నియమాల్లో పరిపాలనా ఖర్చులు 5 శాతం మించకూడదని ఉంది. చాలామంది ట్రస్టుల వాళ్ళు, కొన్నిసార్లు కంపెనీ ప్రతినిధులు కూడా, ఆ పరిమితి ట్రస్టుకు వర్తిస్తుందనుకుని ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త జీతాన్ని సైతం ఆ 5 శాతంలోకి తోసేస్తారు. నిజానికి ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. పనిచేసే సంస్థకు ప్రాజెక్టు మీద అయ్యే ఖర్చుకు కాదు. మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలోనే ఈ సంగతి ఉంది. మాతాశిశు ఆరోగ్యంలో ప్రాజెక్టు అంటే ముఖ్యంగా మనిషే. తూకం మిషను ఒకసారి కొంటాం. దాన్ని భుజాన వేసుకుని వానలో షెడ్డుకు వెళ్ళే మనిషికి నెల నెలా జీతం ఇవ్వాలి. ఆ జీతాన్ని బడ్జెట్‌లో నిస్సంకోచంగా ప్రాజెక్టు ఖర్చుగానే చూపండి, అడిగితే కారణం చెప్పండి.

బెంగళూరులో భవనాలు కట్టించే కంపెనీల డబ్బు గురించి కూడా ఎక్కువగా అడుగుతారు. ఒక నిర్మాణ సంస్థ అధికారి, మంచి మనసున్న మనిషి, తమ సైటులోనే పిల్లల గది ఒకటి కట్టించి, గర్భిణులకు అక్కడే పరీక్షలు చేయిద్దామనీ, మొత్తం ఖర్చు సీఎస్ఆర్ నుంచి ఇస్తామనీ మా దగ్గరికి వచ్చారు. వినడానికి ఎంతో బాగుంది, నేనూ మొదట సంతోషించాను. కానీ సొంత ఉద్యోగులకు మేలుచేసే పనిని సీఎస్ఆర్‌గా లెక్కించరాదని నియమం ఉంది. అంతకంటే ముఖ్యం, మరో చట్టం ప్రకారం ఎటూ చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్ డబ్బుతో చేయకూడదు. అప్పుడు అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లల కోసం గది ఉండి తీరాలని చెప్పింది. అంటే ఆ గది కంపెనీ దయ కాదు, ఆ తల్లుల హక్కు. హక్కును గ్రాంటుగా మార్చి ఇస్తే, గ్రాంటు ఆగిన రోజున గది కూడా మూతపడుతుంది. ఆ మాటే ఆయనకు చెప్పాం. చివరికి గది వాళ్ళ సొంత ఖర్చుతో కట్టారు; సైటు బయట, నలుగురైదుగురు మేస్త్రీల కింద పనిచేసే కుటుంబాలు కలిసి ఉండే షెడ్లలో ఎవరైనా రాదగ్గ ఆరోగ్య శిబిరానికి మాత్రం సీఎస్ఆర్ డబ్బు వచ్చింది. ఇందులో పంపకం ఎక్కడ జరిగిందో గమనించండి. డబ్బు ఇచ్చేవాళ్ళు ఒక్కరే అయినా, ఏ పని ఏ సంచిలోంచి రావాలో ముందే విడదీసుకోకపోతే, తరువాత ఆ ఖర్చును ఆడిట్‌లో కొట్టేస్తారు, మనం జేబులోంచి కట్టుకోవాలి.

విదేశీ డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చిన్న సంస్థలకు ఆ తలుపు ఇప్పుడు ఇరుకుగానే ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ళ వయసు ఉండాలి, ఆ మూడేళ్ళలో సొంత ఆశయాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చుచేసి ఉండాలి. 2020 సెప్టెంబరు సవరణ తరువాత, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి, పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. అన్నిటికంటే మించి, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. అంతకు ముందు పెద్ద సంస్థ ఒకటి డబ్బు తెచ్చి మాలాంటి పదిమంది చిన్నవాళ్ళకు పంచేది. ఆ దారి మూసుకుపోయాక, షెడ్లలో తిరిగే చిన్న బృందాలు చాలా వరకు దేశీయ కంపెనీల డబ్బు మీదే ఆధారపడవలసి వచ్చింది. ఇది తల్లుల ఆరోగ్యానికి నష్టమేనని నేను నమ్ముతున్నాను.

పరికరాలు తయారుచేసే యువకులు కూడా ఫోను చేస్తుంటారు. నవజాత శిశువు ఒంటి వేడిని కనిపెట్టే పరికరమో, గర్భంలోని బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రమో చేస్తున్న తెలుగు ఇంజనీర్లు ఈ నగరంలో తక్కువేమీ లేరు. వాళ్ళు సేవా ట్రస్టుల గ్రాంట్ల వెంట తిరగడం అనవసరం. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కింద 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ, ఆలోచనను నిరూపించే దశ దాకా తేవడానికి 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు ఇచ్చే ‘బిగ్’ గ్రాంటు వాళ్ళ కోసమే ఉంది. కంపెనీగా దరఖాస్తు చేస్తే అందులో కనీసం 51 శాతం వాటా భారతీయుల చేతిలో ఉండాలి. బెంగళూరులోని సీ-క్యాంప్ అనే పరిశోధన, స్టార్టప్ కేంద్రం ఈ గ్రాంటుకు భాగస్వామి సంస్థ. అల్ట్రాసౌండుతో సంబంధం ఉన్న పరికరమైతే 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద నమోదు లేకుండా ఊళ్ళలోకి తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. తల్లుల నుంచి సమాచారం సేకరించి పరిశోధనగా ప్రచురించాలనుకుంటే నైతిక సమీక్షా సంఘం అనుమతి ముందే తీసుకోవాలి. పని మొదలయ్యాక తీసుకునే అనుమతికి విలువ ఉండదు. వాట్సాప్‌లో తిరిగే గ్రాంట్ల జాబితాల్లో ఇప్పటికీ ‘సేవింగ్ లైవ్స్ ఎట్ బర్త్’ అనే పేరు కనిపిస్తోంది. 2011లో ఎన్నో ఆశలతో మొదలైన కార్యక్రమం అది. దాని ప్రధాన భాగస్వాముల్లో ఒకటైన అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై 1 నాటికి విదేశీ సహాయ కార్యక్రమాల నిర్వహణ ఆపేసింది. అలాంటి పాత జాబితాలు పట్టుకుని సమయం వృథా చేసుకోకండి.

అర్హత మనకేనా, డబ్బు ఇచ్చేవాళ్ళకు ఉండదా అని ఎవరూ అడగరు. తల్లీబిడ్డల పనిలో ఆ ప్రశ్న తప్పనిసరి. రెండేళ్ళలోపు పిల్లలకు పాలపొడి, డబ్బా ఆహారం తయారుచేసే కంపెనీలు ఆరోగ్య కార్యకర్తలకు గానీ, వాళ్ళ సంఘాలకు గానీ ఏ రూపంలోనూ ఆర్థిక ప్రయోజనం ఇవ్వరాదని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, దానికి 2003లో చేసిన సవరణ చెబుతున్నాయి. సదస్సులకు, శిక్షణకు, పరిశోధనకు డబ్బు ఇవ్వడం కూడా అందులోకి వస్తుంది. ఒకసారి మా కార్యకర్తల శిక్షణకు భోజనాలూ, సంచులూ, పుస్తకాలూ మొత్తం తామే భరిస్తామని పాలపొడి పంపిణీదారు ఒకరు వచ్చారు. సంచి మీద చిన్న బొమ్మ ఉంటుందంతే అన్నారు. మా దగ్గర పనిచేసే పెద్దావిడ, ముప్పై ఏళ్ళు ప్రసవాల గదిలో నర్సుగా చేసి వచ్చిన మనిషి, ఆ సంచిని చేత్తో కూడా ముట్టుకోలేదు. “ఆ సంచి భుజాన వేసుకుని పోయి, బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలే పట్టమ్మా అని నేనెట్లా చెప్పేది?” అన్నారు. చట్టం సంగతి నేను తరువాత వెతికి చదివాను. ఆమెకు చదవకుండానే తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నన్ను వేధించే విషయానికి వస్తాను. గ్రాంటు ప్రకటనల్లో సంస్థ అర్హతకు ఒక పేజీ, ప్రాంతం అర్హతకు ఒక పేరా ఉంటాయి. సంస్థ పేజీని అందరూ జాగ్రత్తగా చదువుతారు. ప్రాంతం పేరాను చూసీ చూడనట్టు దాటేస్తారు. మా తల్లులు జారిపోయేది ఆ పేరాలోనే.

దాతలు ప్రాంతాన్ని ఎంచుకునే తీరు సాధారణంగా ఇలా ఉంటుంది. కంపెనీ తన కార్యాలయాలూ కర్మాగారాలూ ఉన్న చోటికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కొందరు అంకెలు చూస్తారు: 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశం మొత్తం మీద 97 ఉంటే, కర్ణాటకలో 69, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మరికొందరు 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల జాబితా పెట్టుకుని అందులోని 112 జిల్లాలకే దరఖాస్తులు పిలుస్తారు. రాయచూరు, యాదగిరి ఆ జాబితాలో ఉన్నాయి, బెంగళూరు లేదు. వెనుకబడిన జిల్లాకు ముందు ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే యాదగిరి నుంచి వచ్చి కాడుగోడిలో ఇటుకలు మోస్తున్న ఇరవై ఏళ్ళ గర్భిణి, తన ఊళ్ళో ఉన్నంతకాలం ఆ గ్రాంటుకు అర్హురాలు. పని కోసం బస్సెక్కి ఇక్కడ దిగిన క్షణం నుంచి కాదు. ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ మాత్రం బస్సులో వచ్చినంత మాత్రాన పెరగలేదు.

మన తెలుగు కుటుంబాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం మనకు ఆచారం. ఒక ఆదివారం సాయంత్రం, రేకుల షెడ్డులో, కదిరి దగ్గర ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయిని కార్డు చూపించమన్నాను. గోడ రేకుకు కొట్టిన మేకుకు చీరల కొట్టు ప్లాస్టిక్ కవరు ఒకటి వేలాడుతోంది. అందులోంచి ఆమె ముందు ఎర్రటి ఐరన్ మాత్రల అట్ట తీసింది, సగం మాత్రలు అలాగే ఉన్నాయి. తరువాత కర్ణాటకలో గర్భిణులకు ఇచ్చే తాయి కార్డు తీసింది. దాని కిందనే, నాలుగు మడతలు పెట్టి, సొంత ఊరి ఉపకేంద్రంలో ఇచ్చిన తల్లీబిడ్డ సంరక్షణ కార్డు ఉంది. పండక్కి ఊరికి పోయినప్పుడు అక్కడా రాయించుకుందట. ఒక కార్డులో హిమోగ్లోబిన్ 8.4, ఇంకోదానిలో 9.1. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు కాబట్టి రెండింటిలోనూ ఆమె రక్తహీనురాలే, కానీ ఒక కార్డు రాసినవాళ్ళకు రెండోది ఉందని తెలియదు. “కాన్పు ఏడమ్మా?” అని అడిగితే, “ఏడో నెల రాంగానే మా యమ్మ వచ్చి పిల్చుకపోతాదక్కా, మళ్ళా బిడ్డకు ఐదో నెలకు వస్తా” అంది.

ఆమె మాటను గ్రాంటు భాషలో పెట్టి చూడండి. మా ప్రాజెక్టు ప్రాంతంలో ఆమెను నాలుగో నెలలో నమోదు చేసుకున్నాం, మూడు నెలలు చూసుకున్నాం, ఏడో నెలలో ఆమె “వలస వెళ్ళింది.” ఆసుపత్రిలో కాన్పు అయిందా, బిడ్డ 2500 గ్రాములకు తక్కువ పుట్టిందా అన్న గడులు మా రిజిస్టరులో ఖాళీ. అక్కడ కదిరి వైపు ఆమె కాన్పుకు కాస్త ముందు మాత్రమే క్రమంగా రావడం మొదలుపెడుతుంది కాబట్టి, మొదటి మూడు నెలల నుంచీ వరుసగా పరీక్షలు అందిన తల్లుల లెక్కలో ఉండదు. ఇక్కడ మా వైఫల్యంగా, అక్కడ వాళ్ళ వైఫల్యంగా ఆమె రెండుసార్లు లెక్కకు వస్తుంది, ఒక మనిషిగా మాత్రం ఎక్కడా కనిపించదు. గర్భానికి సంబంధించిన కారణాలతో, గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ జరిగే మరణాన్నే మాతృమరణంగా లెక్కిస్తారు. నవజాత శిశువు ప్రాణానికి అత్యంత ప్రమాదకరమైనవి మొదటి 28 రోజులు. కాన్పు తరువాతి ఆ రోజులన్నీ ఆమె పుట్టింట్లో గడుపుతుంది. అంటే మేము ఎందుకోసం డబ్బు తీసుకున్నామో ఆ సమయమంతా మాకు డబ్బు ఇచ్చిన ప్రాంతానికి బయట జరుగుతుంది. అలా ఖాళీగా మిగిలిన గడులే తరువాతి దరఖాస్తులో “మూడేళ్ళ అనుభవం, ఫలితాలతో సహా” అన్న చోట మమ్మల్ని అనర్హుల్ని చేస్తాయి.

ఇది అర్థమయ్యాక మేము రెండు పనులు చేశాం. మొదటిది, ప్రపోజల్‌లో లబ్ధిదారు అంటే ఎవరన్న నిర్వచనాన్ని మార్చాం. “ఫలానా వార్డులో నివసించే గర్భిణులు” అని రాయడం మానేసి, “ప్రాజెక్టు ప్రాంతంలో నమోదైన గర్భిణి, నమోదు నుంచి కాన్పు తరువాత 42వ రోజు వరకు, ఎక్కడ ఉన్నా” అని రాస్తున్నాం. ఒక్క వాక్యమే కానీ దాని మీద మేము నలుగురం రెండు రోజులు కూర్చున్నాం. “ఎక్కడ ఉన్నా” అన్న మాట తీసేస్తే దరఖాస్తు సులువుగా ముందుకు పోతుందని మాలో ఒకరు గట్టిగానే అన్నారు. ఆ మాట లేకపోతే ఆ తల్లి లేదని తక్కినవాళ్ళం అన్నాం.

రెండోది, గడువుకు ముందు ప్రశ్నలు అడగడానికి ఇచ్చే అవకాశాన్ని వాడుకోవడం. దాదాపు ప్రతి ప్రకటనలోనూ సందేహాలుంటే ఫలానా తేదీలోపు రాయండని ఉంటుంది. చిన్న సంస్థలు ఏమనుకుంటారో అన్న మొహమాటంతో రాయవు. ఫోనులో అడగకూడదు, రాతపూర్వకంగానే అడగాలి. ఈ ఏడాది ఒక దాతకు మేము ఇలా రాశాం: నమోదైన గర్భిణి కాన్పుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఆమెతో ఫోనులో మాట్లాడడానికీ, అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె వివరాలు అందజేయడానికీ, అవసరమైతే మా కార్యకర్త ఒకసారి ఆ ఊరికి వెళ్ళి రావడానికీ అయ్యే ఖర్చును మీరు అనుమతిస్తారా? అనుమతిస్తే ఆ కాన్పును మా ఫలితాల్లో చూపవచ్చా? పదకొండు రోజులకు జవాబు వచ్చింది. పుట్టింటి చిరునామా ముందే రాసి ఉంచి, తల్లి సమ్మతి సంతకం తీసుకుని ఉంటే 42వ రోజు వరకు అనుమతిస్తామన్నారు. కాన్పును ఫలితాల్లో చూపడానికి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఫొటో ఉంటే చాలన్నారు.

సమ్మతి పత్రం తెలుగులోనూ కన్నడలోనూ వేయించాం. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించాలి, భర్త గానీ మేస్త్రీ గానీ పక్కన నిలబడి ఉండగా కాదు. తల్లి ముఖం కనిపించే ఫొటో గ్రాంటుకు షరతు కాకూడదని కూడా ఒప్పందంలో రాయించుకున్నాం. ముందుగా చెబితే దాతలు దీనికి ఒప్పుకుంటారు.

ఇప్పుడు షెడ్డులో రాసే పొడవాటి రిజిస్టరులో ఎడమ పేజీ పాతదే. కుడి పేజీలో కొత్తగా గీసిన గడులున్నాయి: పుట్టింటి ఊరు, మండలం, అక్కడి అంగన్‌వాడీ, తల్లి తల్లి పేరు, ఫోను నంబరు, వెళ్ళే నెల, రెండు కార్డుల్లోని హిమోగ్లోబిన్ అంకెలు పక్కపక్కనే, కాన్పు తరువాత 7వ, 28వ, 42వ రోజుల ఫోను. జిల్లా పేరు రాసేటప్పుడు జాగ్రత్త పడాలని మా కార్యకర్తలకు చెప్పాం, ఎందుకంటే కదిరి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, కానీ చాలామంది తల్లులు ఇప్పటికీ అనంతపురం అనే చెబుతారు, ఆధార్ కార్డులోనూ అదే ఉంటుంది. ఒక పత్రంలో ఒక జిల్లా, ఇంకో పత్రంలో ఇంకో జిల్లా కనిపిస్తే ఆడిట్‌లో ఆ పేరు ఆగిపోతుంది. అందుకని ఆమె చెప్పిన పేరు ఒక గడిలో, ఇప్పటి పేరు దాని పక్క గడిలో రాస్తున్నాం.

దాత రాసిన జవాబును అచ్చు తీయించి ఒప్పందం వెనక కలిపి కుట్టి పెట్టాం. ఈ రిజిస్టరు నమూనా కావాలన్నవాళ్ళు నిరభ్యంతరంగా గడులు ఇలాగే గీసుకోవచ్చు, మీ తల్లులు వెళ్ళే ఊళ్ళను బట్టి మార్చుకోవచ్చు.